చాటు చెల్లింపులు, చెప్పని లెక్కలు: భారతదేశంలో ఎన్నికల విరాళాలు

1. రెండు లెక్కలు

భారతదేశంలో ఎన్నికల సొమ్ముకు చట్టం దృష్టిలో రెండు లెక్కలున్నాయి. ఒకటి అభ్యర్థిది, రెండోది పార్టీది. నామినేషన్ వేసిన నాటి నుంచి ఫలితం వెలువడే దాకా పెట్టిన ప్రతి ఖర్చునూ అభ్యర్థి రాసి ఉంచాలి. ఫలితం వచ్చిన 30 రోజుల్లోగా ఆ లెక్కను జిల్లా ఎన్నికల అధికారికి అప్పగించాలి. 2022 జనవరిలో సవరించిన పరిమితి ప్రకారం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వంటి రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థి ఖర్చు 95 లక్షల రూపాయలు, శాసనసభ అభ్యర్థి ఖర్చు 40 లక్షల రూపాయలు దాటకూడదు. పార్టీ సంగతి వేరు. ఎన్నికల్లో పార్టీ ఎంత ఖర్చు పెట్టవచ్చో చెప్పే పరిమితి ఏ చట్టంలోనూ లేదు. పార్టీ తన ఆడిట్ చేయించిన ఆదాయ వ్యయాలను, పెద్ద చందాల వివరాలను, ఎన్నికల ఖర్చు నివేదికను ఎన్నికల సంఘానికి సమర్పిస్తే చాలు.

ఈ రెండు లెక్కల్లోనూ దాపరికానికి చోటుంది. రాబడి వైపు, డబ్బు ఇచ్చినవారి పేరు దాగిపోతుంది. ఖర్చు వైపు, పుచ్చుకున్నవారి పేరు దాగిపోతుంది. మొదటిది ప్రభుత్వ నిర్ణయాల మీద అనుమానం పుట్టిస్తుంది. ఫలానా టెండరు, ఫలానా గని, ఫలానా కేసు మాఫీ ఏ చందాకు బదులుగా దక్కిందన్న ప్రశ్న లేస్తుంది. రెండోది ఓటు మీదే అనుమానం పుట్టిస్తుంది. గెలుపు మాటతో వచ్చిందా, నోటుతో వచ్చిందా అని జనం అడుగుతారు.

దాపరికం వల్ల నష్టం ఒక్క వైపే జరగదు. ముడుపు ఇచ్చినవాడు పట్టుబడకుండా పోతాడు. ఏ ముడుపూ ఇవ్వనివాడు తన మీద పడిన నిందను కడుక్కోలేడు. ఓటరుకు ఈ ఇద్దరి మధ్య తేడా ఎప్పటికీ తెలియదు. స్వతంత్ర భారతంలో ఎన్నికల నిధుల చరిత్ర అంతా దీనికి సాక్ష్యం. దొంగను పట్టుకోవడానికి లెక్క ఎంత అవసరమో, దొర మీద మచ్చ పడకుండా కాపాడడానికీ అంతే అవసరం.

2. కంపెనీల చందా: అనుమతి, నిషేధం, మళ్లీ అనుమతి

కంపెనీలు పార్టీలకు చందా ఇవ్వవచ్చా అన్న ప్రశ్న 1957లోనే బొంబాయి హైకోర్టు ముందుకు వచ్చింది. టాటా ఇనుము ఉక్కు కంపెనీ ఇటువంటి చందాలు ఇచ్చే అధికారాన్ని తన నిబంధనావళిలో చేర్చుకోవడం అక్కడ వివాదం. అప్పటి చట్టంలో దాన్ని అడ్డుకునే నిబంధన లేదు కాబట్టి కోర్టు కాదనలేకపోయింది. అయినా ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లా ఈ పద్ధతి ప్రజాస్వామ్యానికి ప్రమాదకరంగా పరిణమించవచ్చని గట్టిగా హెచ్చరించారు. పార్లమెంటు ఈ విషయంపై దృష్టి పెట్టాలని కోరారు.

పార్లమెంటు 1960లో కంపెనీల చట్టానికి 293ఎ సెక్షన్‌ను చేర్చింది. 25,000 రూపాయలు, లేదా మూడేళ్ల సగటు నికర లాభంలో 5 శాతం, వీటిలో ఏది ఎక్కువైతే అంతవరకు చందా ఇవ్వవచ్చని, దాన్ని ఖాతాల్లో చూపాలని నిర్దేశించింది. 1969లో ఈ అనుమతిని పూర్తిగా రద్దు చేసి, కంపెనీల చందాలను నిషేధించింది. పార్టీల అవసరాలు మాత్రం తగ్గలేదు. వ్యక్తుల చిన్న చందాలతో దేశమంతటా ప్రచారం నడిపే అలవాటు చాలా పార్టీలకు లేదు. ప్రభుత్వం ఇచ్చే నిధి కూడా లేదు. చెక్కు దారి మూసుకుపోవడంతో నగదు దారి తెరుచుకుంది. లైసెన్సులు, పర్మిట్లు ప్రభుత్వం చేతిలో ఉన్న ఆ కాలంలో వ్యాపారికీ అధికార పార్టీకీ మధ్య నల్లధనమే వంతెన అయింది.

1985లో చట్టాన్ని మళ్లీ మార్చారు. సగటు లాభంలో 5 శాతం దాకా ఇవ్వవచ్చు, బోర్డు తీర్మానం ఉండాలి, ఏ పార్టీకి ఎంత ఇచ్చారో లాభనష్టాల ఖాతాలో చూపాలి. 2003 సవరణ కంపెనీలకు, వ్యక్తులకు ఇటువంటి చందాలపై ఆదాయపు పన్ను మినహాయింపు ఇచ్చింది. ప్రజాప్రాతినిధ్య చట్టంలో 29సి సెక్షన్‌ను చేర్చి, 20,000 రూపాయలు దాటిన ప్రతి చందా వివరాన్నీ పార్టీ ఏటా ఎన్నికల సంఘానికి తెలపాలంది. 2013 కంపెనీల చట్టం పరిమితిని 7.5 శాతానికి పెంచింది. అదే ఏడాది ఎలక్టోరల్ ట్రస్టుల పథకం వచ్చింది. ట్రస్టు తనకు వచ్చిన సొమ్ములో 95 శాతాన్ని ఆ ఆర్థిక సంవత్సరంలోనే పార్టీలకు పంచాలి. అయితే పది కంపెనీల డబ్బు ఒక్క ట్రస్టులో కలిసి, అక్కడి నుంచి నాలుగు పార్టీలకు వెళ్లినప్పుడు ఏ కంపెనీ రూపాయి ఏ పార్టీకి చేరిందో పట్టుకోవడం కష్టం.

ఈ మార్పులన్నిటిలోనూ ఒక లోపం అలాగే ఉండిపోయింది. 20,000 రూపాయల గీత కింద ఉన్న చందాకు పేరు చెప్పనక్కర్లేదు. అందువల్ల పెద్ద మొత్తాన్ని చిన్న చిన్న ముక్కలుగా రాసుకుంటే దాత అదృశ్యమవుతాడు. 20,000 దాటిన చందా ఒక్కటి కూడా రాలేదని బహుజన్ సమాజ్ పార్టీ ఏళ్ల తరబడి ఎన్నికల సంఘానికి చెబుతూ వచ్చింది. ఆ ప్రకటన అక్షరాలా నిజమే కావచ్చు. కానీ దాన్ని నిజమని గానీ కాదని గానీ తేల్చే ఆధారం ఓటరు దగ్గర లేదు.

3. అభ్యర్థి లెక్క: 1974 తీర్పు, దాన్ని దాటిన ఆర్డినెన్సు

1971 లోక్‌సభ ఎన్నికల్లో ఢిల్లీ సదర్ నియోజకవర్గం నుంచి గెలిచిన అమర్‌నాథ్ చావ్లాపై ఓడిన అభ్యర్థి కన్వర్‌లాల్ గుప్తా పిటిషన్ వేశారు. 1974 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఆ ఎన్నికను రద్దు చేసింది. జస్టిస్ పి.ఎన్. భగవతి రాసిన ఆ తీర్పు సారం సులభమే. అభ్యర్థి కోసం, అతనికి తెలిసి, అతని సమ్మతితో పార్టీ పెట్టిన ఖర్చు కూడా అతని ఖర్చే. లేకపోతే పరిమితికి అర్థం ఉండదు. డబ్బున్న పార్టీ అభ్యర్థికి ఎదురు నిలిచిన సామాన్యుడికి సమాన అవకాశం దక్కదు.

ఆ నెల తిరక్కుండానే ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. పార్టీ గానీ, మిత్రులు గానీ, మరెవరైనా గానీ పెట్టిన ఖర్చు అభ్యర్థి ఖాతాలోకి రాదని ప్రజాప్రాతినిధ్య చట్టం 77వ సెక్షన్‌కు వివరణ చేర్చింది. దాదాపు మూడు దశాబ్దాల పాటు అభ్యర్థి ఖర్చు పరిమితి కాగితం మీద మాత్రమే నిలిచింది. 2003లో ఆ మినహాయింపును స్టార్ క్యాంపెయినర్ల ప్రయాణాల దాకా కుదించారు.

అంతకుముందు 1996లో కామన్ కాజ్ సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు మరో దారి తీసింది. పార్టీలు ఆదాయపు పన్ను రిటర్నులు దాఖలు చేయకుండా మినహాయింపు పొందుతున్న పద్ధతిని తప్పుపట్టింది. పార్టీల ఖర్చు వివరాలు అడిగే అధికారం ఎన్నికల సంఘానికి ఉందని తేల్చింది. శాసనసభ ఎన్నికలయ్యాక 75 రోజుల్లో, లోక్‌సభ ఎన్నికలయ్యాక 90 రోజుల్లో పార్టీ ఖర్చు నివేదిక ఇవ్వాలన్న నియమానికి మూలం ఆ తీర్పే.

ఇప్పుడు అభ్యర్థి ఎన్నికల ఖర్చు కోసం వేరే బ్యాంకు ఖాతా తెరవాలి. ఒక వ్యక్తికి 10,000 రూపాయలకు మించి నగదుగా చెల్లించకూడదు. కుర్చీకి, షామియానాకు, వాహనానికి, టీకి, భోజనానికి జిల్లా అధికారులు ధరల పట్టిక ప్రకటిస్తారు. వ్యయ పరిశీలకుల బృందం సభలను వీడియో తీసి, ఆ పట్టిక ప్రకారం తమ సొంత రిజిస్టరులో ఖర్చు రాస్తుంది. అభ్యర్థి చూపిన లెక్కను దానితో పోలుస్తారు. బహిరంగ సభ, ర్యాలీ, హోర్డింగు వంటి కనిపించే ఖర్చు ఈ పద్ధతిలో కొంతవరకైనా దొరుకుతుంది. పోలింగుకు ముందు రాత్రి ఇంటింటికీ చేరే కవరు మాత్రం ఏ రిజిస్టరులోనూ కనిపించదు.

4. చెల్లింపు వార్తలు

కంటికి కనిపిస్తూనే లెక్కకు దొరకని ఖర్చు మరొకటి ఉంది. డబ్బు పుచ్చుకుని వార్త రూపంలో ప్రచురించే ప్రచారానికి పెయిడ్ న్యూస్ అని పేరు. ప్రకటనకు రసీదు ఉంటుంది, అది అభ్యర్థి ఖాతాలోకి వస్తుంది. వార్తకు రసీదు ఉండదు. అభ్యర్థి ఖర్చు దాస్తాడు, పత్రిక రాబడి దాస్తుంది, పాఠకుడు మోసపోతాడు.

2009 ఎన్నికల తర్వాత ఈ వ్యవహారం దేశవ్యాప్తంగా చర్చకు వచ్చింది. అందులో తెలుగు జర్నలిస్టుల పాత్ర చెప్పుకోదగింది. ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ తన సొంత వృత్తిలోని ఈ రోగాన్ని దాచకుండా బయటపెట్టింది. భారత ప్రెస్ కౌన్సిల్ విచారణకు నియమించిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో పరంజయ్ గుహా ఠాకుర్తాతో పాటు కె. శ్రీనివాస్ రెడ్డి ఉన్నారు. 2010లో ఆ ఉపసంఘం ఇచ్చిన పూర్తి నివేదికను కౌన్సిల్ మొదట ప్రచురించలేదు, క్లుప్త పాఠాన్నే విడుదల చేసింది. 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించిన తర్వాతే పూర్తి నివేదిక అధికారికంగా వెలుగు చూసింది.

2011 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లోని బిసౌలీ ఎమ్మెల్యే ఉమ్లేశ్ యాదవ్‌ను ఎన్నికల సంఘం మూడేళ్ల పాటు అనర్హురాలిగా ప్రకటించింది. వార్తల రూపంలో వచ్చిన ప్రచారానికి అయిన 21,250 రూపాయలను ఆమె లెక్కలో చూపలేదన్నది కారణం. దేశంలో చెల్లింపు వార్తల మీద పడిన మొదటి అనర్హత అదే. మొత్తం చిన్నది, సూత్రం పెద్దది. మహారాష్ట్ర మాజీ ముఖ్యమంత్రి అశోక్ చవాన్ కేసులో 2014 మే 5న సుప్రీంకోర్టు ఆ సూత్రాన్ని బలపరిచింది. లెక్క గడువులోగా వచ్చిందా లేదా అన్నదే కాకుండా, ఆ లెక్క నిజమా కాదా అన్నది కూడా ఎన్నికల సంఘం విచారించవచ్చని చెప్పింది.

5. డైరీలోని పొడి అక్షరాలు

రాబడి వైపు దాపరికం ఎంత లోతుకు పోగలదో హవాలా డైరీల కేసు చూపింది. 1991లో కశ్మీరు ఉగ్రవాదులకు అందుతున్న నిధుల జాడ వెతుకుతూ సీబీఐ మే 3న వ్యాపారవేత్తలైన జైన్ సోదరుల చోట్ల సోదాలు జరిపింది. అక్కడ దొరికిన డైరీల్లో పొడి అక్షరాలు, వాటి పక్కన మొత్తాలు ఉన్నాయి. ఆ పొడి అక్షరాలు వివిధ పార్టీల నాయకులు, మంత్రులు, ఉన్నతాధికారులవని అనుమానం. మొత్తాలు కలిపితే దాదాపు 65 కోట్ల రూపాయలు. దర్యాప్తు ఏళ్ల తరబడి కదలలేదు. 1993లో పాత్రికేయుడు వినీత్ నారాయణ్, మరికొందరు వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు స్వయంగా పర్యవేక్షణకు పూనుకుంది. పి.వి. నరసింహారావు ప్రభుత్వ చివరి నెలల్లో, 1996 జనవరిలో అభియోగ పత్రాలు వచ్చాయి.

ఆ కేసులు నిలబడలేదు. 1998 మార్చిలో సీబీఐకి, కేంద్ర మాజీ మంత్రి వి.సి. శుక్లాకు మధ్య జరిగిన కేసులో సుప్రీంకోర్టు సాక్ష్య చట్టం 34వ సెక్షన్‌ను వివరించింది. విడి కాగితాలు ఖాతా పుస్తకాలు కావు. క్రమం తప్పకుండా రాసిన ఖాతా అయినా, దాన్ని బలపరిచే మరో సాక్ష్యం లేకుండా, ఆ రాత ఒక్కదాన్నే పట్టుకుని ఎవరినీ బాధ్యులను చేయరాదు. ఈ నియమం న్యాయమైనదే. ఎవరైనా తన పుస్తకంలో పరుల పేరు రాసుకున్నంత మాత్రాన వాళ్లు నేరస్థులు కారు.

ఈ కేసులో బీజేపీ నాయకుడు ఎల్.కె. అద్వానీ విషయం గమనించదగింది. అభియోగం రాగానే ఆయన లోక్‌సభ సభ్యత్వానికి రాజీనామా చేసి, నిర్దోషిగా తేలే దాకా మళ్లీ సభలో అడుగుపెట్టనని ప్రకటించారు. 1996 ఎన్నికల్లో పోటీ చేయలేదు. 1997లో ఢిల్లీ హైకోర్టు ఆయన మీది అభియోగాన్ని కొట్టివేసింది. ఆయనకు కేసు నుంచి విముక్తి దొరికింది. దేశానికి మాత్రం జవాబు దొరకలేదు. ఆ మొత్తాలు నిజంగా చేతులు మారాయా, మారితే ఎవరికి, ఎందుకు అన్నది ఎవరికీ తెలియదు. ఆ రోజుల్లో పార్టీల చందాలన్నీ పేర్లతో, తేదీలతో బహిరంగంగా నమోదయ్యే పద్ధతి ఉండి ఉంటే, డైరీలోని ప్రతి రాతనూ దానితో పోల్చి చూడడానికి వీలుండేది. రెండో సాక్ష్యం లేకపోవడమే దోషులకు రక్ష, నిర్దోషులకు శిక్ష అయింది.

2017 జనవరి 11న, సోదాల్లో దొరికిన, నాయకులకు చెల్లింపులు రాసి ఉన్నాయన్న బిర్లా, సహారా కంపెనీల కాగితాల విషయంలో దర్యాప్తు కోరుతూ వచ్చిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు ఇదే సూత్రం మీద తోసిపుచ్చింది. దాదాపు ఇరవై ఏళ్లు గడిచినా పరిస్థితి అక్కడే ఉంది.

పరాయి దేశాలు ఈ అనుభవానికి మినహాయింపు కావు. జర్మనీని 16 ఏళ్లు పాలించిన హెల్ముట్ కోల్ 1999లో తాను 15 నుంచి 20 లక్షల మార్కుల దాకా చందాలను లెక్కలో చూపకుండా తీసుకున్నట్టు ఒప్పుకున్నారు. దాతలకు మాట ఇచ్చానంటూ వాళ్ల పేర్లు చెప్పలేదు. 2001లో 3 లక్షల మార్కులు చెల్లించడంతో ఆయన మీద దర్యాప్తు ముగిసింది. 2017లో ఆయన మరణించేదాకా ఆ పేర్లు బయటకు రాలేదు. జర్మనీ రాజ్యాంగం పార్టీలు తమ నిధుల మూలాన్ని బహిరంగపరచాలని శాసిస్తుంది. అంతటి నియమం ఉన్న చోట కూడా ఒక్క మనిషి మౌనం దాన్ని నిష్ఫలం చేయగలిగింది.

6. ఎన్నికల బాండ్లు: దాపరికానికి చట్టబద్ధత

2017 దాకా దాపరికం చట్టానికి విరుద్ధం, లేదా చట్టంలోని కంతల ద్వారా సాధ్యం. 2017 ఆర్థిక చట్టం దాన్ని చట్టబద్ధం చేసింది. అప్పటి ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ బడ్జెట్ ప్రసంగంలో ఎన్నికల బాండ్లను ప్రకటించారు. నగదు చందాల పరిమితిని 2,000 రూపాయలకు తగ్గించారు. నల్లధనం పోయి, బ్యాంకు ద్వారా తెల్లధనం పార్టీలకు చేరుతుందన్నది ప్రభుత్వ వాదన. పేరు బయటపడితే ప్రత్యర్థి పార్టీ కక్ష కడుతుందని దాతలు భయపడతారు కాబట్టి గోప్యత అవసరమని చెప్పారు.

ద్రవ్య బిల్లు రూపంలో వచ్చిన ఆ చట్టం ఒకేసారి అనేక చట్టాలను సవరించింది. బాండ్ల ద్వారా వచ్చిన చందాను పార్టీలు ఎన్నికల సంఘానికి చెప్పనక్కర్లేకుండా పోయింది. కంపెనీల చందాపై 7.5 శాతం పరిమితి తొలగింది. ఏ పార్టీకి ఇచ్చారో కంపెనీ తన ఖాతాలో రాయాల్సిన అవసరమూ తొలగింది. నష్టాల్లో ఉన్న కంపెనీ కూడా ఎంతైనా ఇచ్చే వీలు కలిగింది. భారత రిజర్వు బ్యాంకు ఆ ఏడాది జనవరిలోనే ఈ ఆలోచనకు అభ్యంతరం తెలిపింది. ఎన్నికల సంఘం మే నెలలో న్యాయ మంత్రిత్వ శాఖకు లేఖ రాస్తూ, ఇది పారదర్శకత విషయంలో వెనకడుగు అని, డొల్ల కంపెనీల ద్వారా నల్లధనం ప్రవహించే ప్రమాదం ఉందని హెచ్చరించింది.

2018 జనవరి 2న పథకం నోటిఫై అయింది. స్టేట్ బ్యాంకు ఎంపిక చేసిన శాఖల్లో 1,000, 10,000, లక్ష, 10 లక్షలు, కోటి రూపాయల విలువల్లో బాండ్లు అమ్మేది. కొన్న 15 రోజుల్లో పార్టీ తన ఖాతాలో జమ చేసుకోవాల్సి ఉండేది. కిందటి ఎన్నికల్లో కనీసం ఒక శాతం ఓట్లు వచ్చిన నమోదిత పార్టీలకే అర్హత ఉండేది. అమ్మిన బాండ్ల విలువలో 90 శాతానికి పైగా కోటి రూపాయల బాండ్లదే. ఇది సామాన్యుడి చందా పథకం కాదని ఆ ఒక్క సంగతే చెబుతుంది.

2018 ఏప్రిల్‌లో పాత్రికేయురాలు పూనమ్ అగర్వాల్ రెండు బాండ్లు కొని ప్రయోగశాలలో పరీక్ష చేయించారు. మామూలు కంటికి కనిపించని క్రమసంఖ్య అతినీలలోహిత కాంతిలో బయటపడింది. అది నకిలీలను అరికట్టే భద్రతా చిహ్నమని ప్రభుత్వం వివరించింది. సంఖ్య ఉన్నప్పుడు కొన్నవారినీ జమ చేసుకున్నవారినీ కలపడం సాధ్యమే. అంటే గోప్యత ఓటరు విషయంలోనే పూర్తిగా అమలైంది. ప్రభుత్వ బ్యాంకు దగ్గర వివరం ఉంది, దర్యాప్తు సంస్థలు అడిగితే బ్యాంకు ఇవ్వాలని పథకమే చెప్పింది. ప్రత్యర్థి పార్టీకి చందా ఇచ్చినవారి పేర్లు అధికార పక్షానికి తెలియవని దాతకు నమ్మకం కలిగించే ఏర్పాటు ఏదీ లేకపోయింది.

7. 2024 తీర్పు

అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్, కామన్ కాజ్ సంస్థలు, సీపీఎం, కాంగ్రెస్ నాయకురాలు జయా ఠాకూర్ ఈ పథకాన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు. బాండ్లు తీసుకోబోమని ముందే ప్రకటించిన పార్టీ సీపీఎం. 2019 ఏప్రిల్ 12న కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి, బాండ్ల వివరాలను సీల్డు కవరులో ఎన్నికల సంఘానికి ఇమ్మంది. తుది విచారణకు నాలుగేళ్లకు పైగా పట్టింది. ఈలోగా ఒక లోక్‌సభ ఎన్నిక, అనేక శాసనసభ ఎన్నికలు ఆ డబ్బుతోనే జరిగిపోయాయి.

2024 ఫిబ్రవరి 15న ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్, న్యాయమూర్తులు సంజీవ్ ఖన్నా, బి.ఆర్. గవాయ్, జె.బి. పార్దీవాలా, మనోజ్ మిశ్రాల రాజ్యాంగ ధర్మాసనం పథకాన్ని ఏకగ్రీవంగా కొట్టివేసింది. పార్టీకి డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోవడం ఓటు వేయడానికి అవసరమైన సమాచారం. దాన్ని దాచడం 19(1)(ఎ) అధికరణ ఇచ్చిన హక్కుకు విరుద్ధం. కంపెనీలు అపరిమితంగా ఇవ్వవచ్చన్న సవరణ 14వ అధికరణకు విరుద్ధం. రాజకీయ అభిమానం వ్యక్తి గోప్యతలో భాగమేనని కోర్టు ఒప్పుకుంది. అయితే విధానాలను ప్రభావితం చేయడానికి ఇచ్చే పెద్ద చందాకు ఆ రక్షణ వర్తించదని విడమరిచింది.

వివరాలు ఇవ్వడానికి స్టేట్ బ్యాంకు జూన్ 30 దాకా గడువు అడిగింది. కొన్నవారి వివరాలు ఒక చోట, జమ చేసుకున్నవారి వివరాలు మరో చోట ఉన్నాయని, కలపడానికి సమయం పడుతుందని చెప్పింది. మార్చి 11న కోర్టు గడువు నిరాకరించింది. మార్చి 14న ఎన్నికల సంఘం జాబితాలను ప్రచురించింది. క్రమసంఖ్యలు కూడా ఇమ్మని కోర్టు మళ్లీ ఆదేశించాక, మార్చి 21న కొన్నవారిని, పుచ్చుకున్నవారిని జతపరచే వీలు దేశానికి దక్కింది.

2018 మార్చి నుంచి 2024 జనవరి దాకా అమ్ముడైన బాండ్ల మొత్తం విలువ సుమారు 16,518 కోట్ల రూపాయలు. స్టేట్ బ్యాంకు ఇచ్చింది 2019 ఏప్రిల్ 12 నుంచి ఉన్న వివరాలే. ఆ కాలంలో బీజేపీకి సుమారు 6,060 కోట్లు, తృణమూల్ కాంగ్రెస్‌కు సుమారు 1,610 కోట్లు, కాంగ్రెస్‌కు సుమారు 1,420 కోట్లు వచ్చాయి.

8. తెలుగు రాష్ట్రాల వాటా

ఈ జాబితాలో తెలుగు నేల స్థానం చిన్నది కాదు. బీఆర్ఎస్ సుమారు 1,214 కోట్లతో నాలుగో స్థానంలో నిలిచింది. అప్పట్లో తెలంగాణలో మాత్రమే అధికారంలో ఉన్న పార్టీకి అది దేశవ్యాప్త కాంగ్రెస్‌కు దగ్గరగా వచ్చిన మొత్తం. వైఎస్సార్ కాంగ్రెస్‌కు 337 కోట్లు, తెలుగుదేశానికి సుమారు 219 కోట్లు అందాయి. కొన్నవారిలో 1,368 కోట్లతో కోయంబత్తూరుకు చెందిన లాటరీ కంపెనీ ఫ్యూచర్ గేమింగ్ మొదటిది. 966 కోట్లతో హైదరాబాదుకు చెందిన మేఘా ఇంజనీరింగ్ రెండోది. మేఘా కొన్న బాండ్లలో సుమారు 584 కోట్లు బీజేపీకి, 195 కోట్లు బీఆర్ఎస్‌కు చేరాయి. హైదరాబాదు ఔషధ కంపెనీలు అనేకం జాబితాలో ఉన్నాయి.

తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే ప్రశ్నలు లేస్తాయి. మేఘా 2023 ఏప్రిల్‌లో 140 కోట్ల బాండ్లు కొన్నది. ఆ దరిదాపుల్లోనే ముంబయిలో ఠాణే–బోరివలి జంట సొరంగాల పని, సుమారు 14,400 కోట్ల విలువైనది, ఆ కంపెనీకి దక్కింది. ఢిల్లీ మద్యం విధానం కేసులో అరబిందో ఫార్మా డైరెక్టరు ఒకరిని ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ) 2022 నవంబరు 10న అరెస్టు చేసింది. నవంబరు 15న కంపెనీ 5 కోట్ల బాండ్లు కొన్నది, అవి బీజేపీ ఖాతాలో పడ్డాయి. 2023 జూన్‌లో ఆ డైరెక్టరు అప్రూవరు అయ్యారు. ఆ నవంబరులో మరో 25 కోట్ల బాండ్లు అదే పార్టీకి చేరాయి. అంతకుముందు అదే కంపెనీ బీఆర్ఎస్‌కు, తెలుగుదేశానికి కూడా బాండ్లు ఇచ్చింది.

ఖర్చు వైపు కూడా తెలుగు రాష్ట్రాలు దేశం దృష్టిలో పడ్డాయి. 2023లో ఐదు రాష్ట్రాల ఎన్నికల సమయంలో నవంబరు 20 నాటికి పట్టుబడిన 1,760 కోట్ల విలువైన నగదు, మద్యం, మాదకద్రవ్యాలు, కానుకల్లో తెలంగాణ వాటా సుమారు 659 కోట్లు. అది ఐదింటిలోనూ ఎక్కువ. అందులో నగదే సుమారు 225 కోట్లు. ఏ అభ్యర్థి లెక్కలోనూ లేని డబ్బు ఇది. పట్టుబడనిదాని మొత్తం చెప్పగలవారెవరూ లేరు.

9. అనుమానం ఎంత, రుజువు ఎంత

తేదీలు దగ్గరగా ఉండడం ముడుపుకు రుజువు కాదు. పెద్ద కంపెనీలు ఏడాది పొడవునా టెండర్లు వేస్తుంటాయి, ఏడాది పొడవునా చందాలు ఇస్తుంటాయి. ఎక్కడో ఒక చోట రెండూ కలుస్తాయి. టెండరు అర్హత ప్రకారమే దక్కి ఉండవచ్చు, చందా మామూలు చందాయే కావచ్చు. పని కోసం చందా ఇచ్చారా, కేసు భయంతో ఇచ్చారా, అభిమానంతో ఇచ్చారా అన్నది జాబితా చెప్పదు. దానికి దర్యాప్తు కావాలి. టెండరు ఫైళ్లు, బేరసారాల సాక్ష్యం, డబ్బు మూలం చూడాలి. క్విక్ సప్లై చెయిన్ అనే కంపెనీ 410 కోట్ల బాండ్లు కొన్నది. అందులో 360 కోట్లు 2021–22 ఒక్క ఏడాదిలోనే కొన్నది. ఆ ఏడు దాని లాభం 21 కోట్ల పైచిలుకు. ఆ మిగతా డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న సహజం. పాత 7.5 శాతం పరిమితి ఉండి ఉంటే ఆ ప్రశ్నే పుట్టేది కాదు.

కోర్టు పర్యవేక్షణలో ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేయాలన్న పిటిషన్లను సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 2న తిరస్కరించింది. పరస్పర లబ్ధి ఉందన్న ఊహ మీద అన్ని కొనుగోళ్లపై ఒక్కసారిగా విచారణకు ఆదేశించలేమని, విడి కేసుల్లో సాధారణ న్యాయ మార్గాలు తెరిచే ఉన్నాయని చెప్పింది. ఆ మార్గాల్లో నడవాల్సినవి ప్రభుత్వం కింద పనిచేసే సంస్థలే. జాబితాలో పేరున్న పార్టీలు అధికారంలో ఉన్న చోట ఆ సంస్థల నుంచి చొరవ ఎంతవరకు వస్తుందన్నది న్యాయమైన సందేహం.

డైరీల కాలానికి, బాండ్ల కాలానికి ఒక పెద్ద తేడా ఉంది. డైరీలో పొడి అక్షరాలే ఉన్నాయి, పోల్చి చూడడానికి మరో లెక్క లేదు. 2024 మార్చిలో బయటికొచ్చిన జాబితాలో పేరు, తేదీ, మొత్తం, పుచ్చుకున్న పార్టీ అన్నీ ఉన్నాయి. అందువల్లే ప్రతి ఓటరూ ప్రశ్న అడగగలిగాడు. ప్రతి కంపెనీ, ప్రతి పార్టీ జవాబు చెప్పుకోగలిగింది. జాబితా నేరాన్ని రుజువు చేయలేదు, కానీ ప్రశ్నకు ఒక ఆకారం ఇచ్చింది. ఆరేళ్ల ముందే ఈ వివరాలు ఎప్పటికప్పుడు వెల్లడై ఉంటే, ఆ మధ్య జరిగిన ప్రతి ఎన్నికలోనూ ఓటరు వాటిని తూచి చూసేవాడు.

10. మిగిలిన పని

బాండ్లు పోయినా దాపరికం పోలేదు. 20,000 రూపాయల గీత ఇంకా ఉంది. ట్రస్టుల ద్వారా కలగలిసి వచ్చే చందా ఉంది. పార్టీ ఖర్చుకు పరిమితి లేదు. ఆరు జాతీయ పార్టీలు సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయని కేంద్ర సమాచార కమిషన్ 2013 జూన్ 3న చెప్పింది. పార్టీలు ఆ ఉత్తర్వును పాటించలేదు. ఎన్నికల నిధుల విషయంలో 1998లో ఇంద్రజిత్ గుప్తా కమిటీ, 2015లో జస్టిస్ ఎ.పి. షా నేతృత్వంలోని లా కమిషన్ తన 255వ నివేదికలో చేసిన సిఫార్సుల్లో చాలా భాగం అల్మారాల్లోనే ఉంది.

చేయవలసినవి తెలియనివి కావు. మొదటిది, ఒక దాత ఏడాదిలో ఇచ్చిన చందాలన్నిటినీ కలిపి లెక్కించాలి, గీత దాటితే పేరు చెప్పాలి. అప్పుడు ముక్కలుగా రాసుకునే దారి మూతపడుతుంది. రెండోది, వెల్లడి ఏడాది ఆఖరున కాకుండా ఎన్నికలకు ముందే జరగాలి. బ్రిటన్‌లో సాధారణ ఎన్నికల సమయంలో పెద్ద చందాలను పార్టీలు వారం వారం వెల్లడించాలి. పోలింగు అయ్యాక వచ్చిన సమాచారం చరిత్రకారుడికి పనికొస్తుంది, ఓటరుకు కాదు. మూడోది, కంపెనీల చందాకు లాభంతో ముడిపెట్టిన పరిమితిని కచ్చితంగా అమలు చేయాలి, వాటాదారులకు పార్టీ పేరుతో సహా తెలపాలి. నాలుగోది, ప్రభుత్వ కాంట్రాక్టులు ఉన్నవారి చందాలను విడిగా జాబితా వేయాలి. ఐదోది, పార్టీ ఖాతాలను పార్టీ ఎంచుకున్న ఆడిటరు కాకుండా స్వతంత్ర సంస్థ ఎంపిక చేసిన ఆడిటరు పరిశీలించాలి. ఆరోది, దాతల మీద కక్షసాధింపు జరగకుండా దర్యాప్తు సంస్థలకు స్వతంత్రత ఉండాలి. దాత భయం నిజమైనప్పుడు దానికి మందు భయపెట్టేవారిని అదుపు చేయడమే, పేరు దాచడం కాదు.

ఖర్చు వైపు చికిత్స మరింత కష్టం. ఓటుకు నోటు ఇచ్చేవారి నేరం ఎంతో, దాన్ని ఆశించే సమాజపు అలవాటూ అంతే. 2019 ఏప్రిల్‌లో తమిళనాడులోని వేలూరు లోక్‌సభ ఎన్నికను భారీ నగదు పట్టుబడినందుకు పోలింగుకు ముందే రద్దు చేశారు. అటువంటి నిర్ణయం అరుదు, అవసరమైన చోట వెనకాడకూడనిది. అభ్యర్థి లెక్కలను, అధికారుల రిజిస్టర్లను ఫలితం రాగానే ఓటరు చదవగలిగే భాషలో, పోల్చుకోగలిగే రూపంలో ప్రచురించాలి. సభకు వెళ్లిన మనిషికి అక్కడి కుర్చీలెన్నో, వాహనాలెన్నో తెలుసు. లెక్క తన కళ్ల ముందు ఉంటే అబద్ధాన్ని పట్టుకునే మొదటి సాక్షి అతనే.

ఎన్నికల నిధులపై అనుమానం ప్రజాస్వామ్యంలో తప్పు కాదు, ఓటరు జాగరూకతకు అది గుర్తు. ఏళ్ల తరబడి తేలని అనుమానం మాత్రం అన్ని పార్టీలూ ఒకటేనన్న నిరాశగా మారుతుంది. ఆ నిరాశ వల్ల బాగుపడేది అక్రమంగా సంపాదించినవారే. ప్రతి రూపాయి ఎవరిదో, ఎప్పుడు వచ్చిందో, ఎక్కడికి పోయిందో గడువులోగా అందరికీ తెలిసే పద్ధతి ఉంటే నేరం చేసినవారిని శిక్షించడానికి ఆధారం దొరుకుతుంది. నేరం చేయనివారు తల ఎత్తుకుని తిరుగుతారు. ఓటరు ఎవరి మాటా నమ్మనక్కర్లేకుండా తన నిర్ణయం తాను తీసుకుంటాడు.